వెయ్యి తక్కువ లక్ష

"గంప గడపవతల వెట్టు. గడప మీద గాదు, అవతల. ఎన్నిమాట్ల జెప్పాలె నీకు?" అంది అక్క.

"అవతల వెడితే కోళ్ళు తొక్కుతున్నయి అక్కా. నిన్న యాభై అరవై వత్తులు మట్టిల గలిసినయి. మళ్ళ చేసేది నేనే గదా."

"చేస్తే ఏం బోయింది? నీకింకేం పనుంది గనుక?"

"కోళ్ళను గంప కింద మూసిపెట్టరాదు?"

"నీ వత్తుల కోసం నా కోళ్ళను మూయాల్నా? మంచిగుంది ముచ్చట!"

"నా వత్తులు గావు. నీ నోము వత్తులే."

మూడు రోజులుగా మా ఇద్దరికీ ఇదే తగాదా. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, నా తోడికోడలు ప్రమీలమ్మ. మా బావ భూమయ్య ఆ ఎండాకాలం నలభై రోజులు జ్వరంతో మంచం పట్టి లేచాడు. బావ లేచి నడిస్తే లక్ష వత్తుల నోము పడతానని అక్క మొక్కుకుంది. కార్తీక పున్నమి సాయంత్రం, లక్ష వత్తులు నువ్వుల నూనెలో తడిపి, పెద్ద మూకుట్లో పెట్టి దేవుడి ముందు వెలిగించాలి. ఎల్లారెడ్డి నుంచి వచ్చే రామస్వామి పంతులు నియమాలన్నీ చెప్పి వెళ్ళాడు. వత్తులు ఇంట్లో ఎవరు చేసినా ఫరవాలేదు. వెలిగించేది మాత్రం ముత్తైదువ చెయ్యే కావాలి. లక్షకు ఒక్కటి ఎక్కువైతే దోషం లేదు, ఒక్కటి తక్కువైతే నోము నోము కాదు. పైగా ఎవరి పేర పట్టారో వాళ్ళకే చెరుపు.

ఇంట్లో చేసేదెవరు? అక్కకు వంటిల్లు, పాడి, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. మా అత్తమ్మ రాములవ్వకు కళ్ళు ఆనవు. ఖాళీగా కూర్చున్నది నేనే. మా ఇంటాయన పోయి అప్పటికి పది నెలలు. వెనక వసారాలో నాకొక చాప వేశారు. వినాయకచవితి వెళ్ళిన మర్నాడే పత్తి బస్తా తెచ్చి చాప పక్కన దింపారు. గింజ తీసి, పత్తి విప్పి, వేళ్ళకు ఇంత విభూతి అద్దుకుని, రోజుకు పదిహేను వందలు పేనాలి. వెయ్యి వత్తులు ఒక కట్ట. నూరు కట్టలైతే లక్ష.

మా తగాదా విని అత్తమ్మ లోపలినుంచే తీర్పు చెప్పింది.

"గంగామణీ, గంప హన్మవ్వకిచ్చి పంపు. నీ చెయ్యి దేవుని అర్ర దిక్కు రావద్దన్న గదా. ఒకపారి వచ్చింది సాలదా?"

నేను గంప ఎత్తి పనిమనిషి హన్మవ్వకిచ్చి వెనక్కి వచ్చేశాను. అత్తమ్మ అన్నది నిజమని నేనూ నమ్మాను.

మా ఇంట్లో దీపావళి నాడు పెట్టిన దీపం కార్తీక పున్నమి దాకా ఆరకూడదు. మా అత్తమ్మ అత్తగారి కాలం నుంచీ ఉన్న పద్ధతి. పొద్దున అక్క నూనె పోసేది, సాయంత్రం నేను. కిందటేడు దీపం పెట్టిన అయిదో రోజు సాయంత్రం రోజూ లాగే జాడీ వంచి ప్రమిద నింపి వచ్చాను. దీపం కాస్త చిటపటమంది. వత్తిలో గింజ పొట్టు ఉందేమో అనుకున్నాను. తెల్లవారి చూస్తే దీపం కొండెక్కి ఉంది. ఆ తర్వాత పన్నెండో రోజు మా ఇంటాయన కామారెడ్డి స్టేషను దగ్గర బెల్లం బండి దింపి వచ్చి, రాత్రికి రాత్రి వాంతులూ విరేచనాలూ పట్టుకుని పోయాడు. కామారెడ్డిలో అప్పటికి నెల్లాళ్ళుగా గత్తర, అదే కలరా, ఉంది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. దీపం సంగతే ఎత్తారు. మొదట ఎత్తింది అక్క. "మాపటికి నూనె వోసింది గంగనే. సగం వోసి పోయింది గావచ్చు," అంది, శవం ఇంకా వాకిట్లో ఉండగానే. పదిరోజులు తిరిగేసరికి ఆ మాట ఊరంతా పాకింది. బాయి కాడికి పోతే ఆడవాళ్ళు బిందెలు పక్కకు జరుపుకునేవారు. అత్తమ్మ నా చేతి మంచినీళ్ళు తాగడం మానేసింది. పొయ్యి రాజేయడానికి పనికొచ్చిన చెయ్యి దీపానికి పనికిరాకుండా పోయింది.

నేనూ ప్రతిరోజూ ఆ సాయంత్రాన్ని తిరగేసుకునేదాన్ని. సరిగ్గా పోశానా? ప్రమిద అంచుదాకా వచ్చిందా? వచ్చినట్టే గుర్తు. కానీ దీపం ఆరింది కదా. ఆరిందంటే నా చెయ్యే ఎక్కడో తప్పింది. మొగుణ్ణి నేనే చంపుకున్నాను అనుకుంటూ పది నెలలు బతికాను. అలాంటి మనిషికి లక్ష వత్తులు చెయ్యమంటే లక్ష చేస్తుంది, రెండు లక్షలన్నా చేస్తుంది. వేళ్ళు పగిలి నెత్తురొచ్చినా నాకు మంచిదే అనిపించేది.

దీపావళి ఇంకా రెండు రోజులుందనగా గానుగ లక్ష్మీరాజం కొత్త నూనె తెచ్చాడు. అత్తమ్మ గుడికి వెళ్ళింది, బావ పొలంలో ఉన్నాడు. నేను వసారాలో పత్తి విప్పుతున్నాను. అక్క జాడీ కడిగి తెచ్చి అతని ముందు పెట్టింది. అతను డబ్బాలోంచి పోస్తుంటే ఒంగి మరీ చూస్తోంది.

"పైలం, లక్ష్మీరాజం. అడుగున నీళ్ళుంటయి. నీళ్ళు తగిలితే దీపం ఆగది," అంది.

లక్ష్మీరాజం పోయడం ఆపేశాడు.

"నా నూనెల నీళ్ళా? ఏం మాటమ్మా అది! మా తాతల కాలం సంది మీ ఇంటికి పోస్తున్నం. ఎన్నడన్న అన్నరా గీ మాట?"

"నిన్నంటలేనయ్యా. ఊకెనే అన్న."

"ఊకెనే ఎట్లంటరు? పోయినేడు గిదే జాడీల నూనె మీ తమ్ముడు బీబీపేటకు తీస్కపోలేదా? కచ్చురం బండిల డబ్బా వెట్టుకొని పోతుంటే నాకు తొవ్వల గలిసిండు. మూత దీసి సూపెట్టిండు గూడ. 'ఏం నూనె వెట్టినవ్ లక్ష్మీరాజం, అద్దం లెక్కుంది, మా అవ్వ కీళ్ళ నొప్పులకు మా అక్క రెండు సేర్లు ఇచ్చింది' అన్నడు. అండ్ల లేని నీళ్ళు నా నూనెల ఎట్లుంటయమ్మా?"

అక్క తల ఎత్తలేదు. "సరె సరె, పోయి నువ్వు," అంది.

"ఎన్నడు పోయిండు లక్ష్మీరాజం, అక్క తమ్ముడు?" అని నేను అడిగాను, పత్తి మీంచి చూపు తిప్పకుండానే.

"దీపావళి ఎల్లిన మూడో దినమో నాలుగో దినమో. యాది లేదు బిడ్డా."

జాడీ పట్టేది నాలుగు సేర్లు. అత్తమ్మ రోజూ ఆ జాడీలోకి తొంగిచూస్తుంది. కళ్ళు ఆనవు గనక వేలు ముంచి ఎక్కడిదాకా ఉందో చూసుకుంటుంది. రెండు సేర్లు తీస్తే తెలిసిపోతుంది. తెలియకూడదంటే తీసినంత మేరకు ఇంకేదో పొయ్యాలి. నీళ్ళు పోస్తే నీళ్ళు అడుక్కు పోతాయి, నూనె పైకి తేలుతుంది. వేలికి నూనే తగులుతుంది. ఒకటి రెండు రోజులు వంచితే వచ్చేదీ నూనే. ఆ తర్వాత ఎవరు వంచుతారో వాళ్ళ ఖర్మ.

అప్పుడు ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆరిన దీపంలో వత్తి. నూనె అయిపోయి ఆరిన వత్తి మొదలంటా మాడి బొగ్గవుతుంది. ఆ రోజు వత్తికి కొన మాత్రమే నల్లబడింది. కిందంతా తెల్లగా, నానిన అటుకులా ఉబ్బి ఉంది. ఇంకొకటి కూడా. ఆ తెల్లవారి నేను దేవుడి గది ముందు కూలబడి ఏడుస్తుంటే, అక్క పెరట్లో ఆ జాడీ కడిగి గోడమీద బోర్లించింది. పండగ నెలలో, నూనె ఉండవలసిన జాడీని.

లక్ష్మీరాజం డబ్బా ఎత్తుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అక్క వసారా దిక్కు ఒకసారి చూసింది. నేను వత్తి పేనుతున్నాను.

"ఎన్నయినయి?" అని అడిగింది.

"డెబ్బై మూడు కట్టలు," అన్నాను.

ఆ రోజునుంచి నా చేతిలో పత్తి వేరే విధంగా తిరిగింది. వేళ్ళకు నొప్పి తెలియడం మానేసింది. ఒక్కొక్క వత్తి పేనుతూ ఒక్కొక్క మాట తయారుచేసుకునేదాన్ని. అత్తమ్మతో చెప్పేద్దామని రెండుసార్లు లేచాను. లేచి కూర్చున్నాను. పెద్దకోడలు, ఇంటి తాళాలు నడుముకున్నది. నేనేమో దీపం ఆర్పినదాన్ని. అక్క కాదంటే చాలు, నోము పాడుచేయడానికి చెబుతున్నానని ఆ పూటే నన్ను వసారాలోంచి కొట్టంలోకి మార్చేవారు. లక్ష్మీరాజం వచ్చి చెప్తాడా? ఆడవాళ్ళ తగాదాలో సాక్ష్యం చెప్పి ఒక ఇంటి గిరాకీ పోగొట్టుకునేవాడు కాడు అతను. చెబితే అక్క నోటే చెప్పాలి. నోరు విప్పించగలిగింది నా దగ్గర ఒక్కటే ఉంది.

బావ ఒకనాడు పొలం నుంచి వస్తూ వసారా ముందు ఆగాడు. మనిషి ఇంకా చిక్కే ఉన్నాడు.

"గంగామణీ, వేళ్ళు పగిలినయి గదా. జర ఎన్నపూస రాసుకోరాదు?"

"ఎన్నపూస రాస్తే పత్తి అంటుకుంటది బావా."

"నా పానం కోసం నువ్వు తిప్పలవడుతున్నవ్," అన్నాడు. తమ్ముడు గుర్తొచ్చాడేమో, "హన్మంతు ఉంటే నన్ను తిడుతుండె," అని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా నేను వంద వత్తులు కూడా చెయ్యలేకపోయాను. ఆ మనిషి పేర పట్టిన నోము. ఆ మనిషి నాకేం చెడు చేయలేదు. కానీ మర్నాడు అక్క వచ్చి, నేను చేసిన కట్టలు ఎడమచేత్తో ఎత్తి బరువు చూసి, "గిన్ని దినాలకు గింతేనా? పాపం చేసినోళ్ళ చేతికి పని గూడ సాగది," అంది. అంతే, బావ మాట మనసులోంచి తుడిచిపెట్టుకుపోయింది.

పున్నమి ముందురోజు సాయంత్రానికి నూరో కట్ట కట్టాను. తొంభై తొమ్మిది గంపలో పెట్టాను. నూరోది పత్తి బస్తా కింద దాచాను.

పున్నమినాడు తెల్లవారుతుండగా పోచారం కాలువ దగ్గరికి స్నానానికి వెళ్ళాను. కొంగులో ఆ కట్ట, ఒక మట్టి మూకుడు, సీసాలో నూనె. చలికి ఇంకా ఎవరూ రాలేదు. కాలువ గట్టుమీద మూకుడు పెట్టి, కట్ట విప్పి, వెయ్యి వత్తులూ నూనెలో తడిపాను. మంత్రం నాకు రాదు. మా ఇంటాయన పేరు నా నోట ఎన్నడూ అనలేదు. ఆ పొద్దున అన్నాను. అగ్గిపుల్ల గీసి అంటించాను.

వెయ్యి వత్తుల మంట చిన్నదేమీ కాదు. మోకాలెత్తు లేచింది. చివరి వత్తి దాకా కాలనిచ్చాను. ఒక్కటీ మధ్యలో ఆరలేదు. మూకుడు నీళ్ళలో వదిలేసి, తలస్నానం చేసి ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం దాటాక అక్క వసారాలోకి వచ్చింది. పట్టుచీర కట్టింది, కాళ్ళకు పసుపు. ఒక్కపొద్దు ఉంది గనుక ముఖం వాడింది.

"గంగా, ఆఖరి కట్టేది? రెండుమాట్ల లెక్కవెట్టిన. తొంభై తొమ్మిదే ఉన్నయి."

"అవును."

"పరాచికాలొద్దు. పంతులు వచ్చే యాళ్ళయింది. ఏడ వెట్టినవ్?"

"ముందుగాల నువ్వు అత్తమ్మకు ఓ మాట జెప్పు. తర్వాత కట్ట సంగతి అడుగు."

"ఏం మాట?"

"పోయినేడు జాడీల నీళ్ళు ఎవలు వోసిన్రో ఆ మాట."

అక్క నిలబడ్డచోటే గోడ పట్టుకుంది. కాదంటుందనే అనుకున్నాను. అనలేదు. నా పక్కన చాపమీద, పట్టుచీరతోనే కూర్చుంది. నా చాపమీద ఆమె కూర్చోవడం అదే మొదలు.

"నేను గావాలని జేసిన్నా గంగా? మా అవ్వ మోకాళ్ళు వట్టి లేవలేకపోతుండె. నూనె ఇయ్యుమంటే అత్తమ్మ ఇస్తదా, నువ్వే జెప్పు. రెండు దినాలైనంక మళ్ళ నూనె దెచ్చి పోద్దామనుకున్న. గింతల్నే..."

"నూనె దీసినందుకు నేనేమంటలే. నీళ్ళు వోసినందుకు గూడ అంటలే. శవం ముందట నా పేరెందుకు జెప్పినవ్?"

"భయమైంది."

"నాకు గాలేదా?"

"ఆయనకు దెలిస్తే నన్ను బీబీపేటకు తోలేస్తడే. తమ్ముని సంపినదాన్నని నా మొకం సూడడు. నీ కాళ్ళు మొక్కుత. నా నడుముకున్న వడ్డాణం తీసుకో. ఆ కట్ట ఇయ్యి."

నా కాళ్ళు నిజంగానే పట్టుకుంది. జాలి రాలేదు. వచ్చిందని ఇప్పుడు కూడా అబద్ధం ఆడను.

"వడ్డాణం నేనేడ వెట్టుకోవాలె అక్కా?" అన్నాను. "నీకు రెండు తొవ్వలున్నయి. తొంభై తొమ్మిదితోనే ముట్టించు. నాకూ నీకూ తప్ప ఎవ్వలకు దెల్వది. బావకు ఏమైతదో సూద్దాం. లేకుంటే పోయి జెప్పు."

కట్ట ఇస్తానని నేను ఒక్కమాట కూడా అనలేదు. అది మాత్రం నాకు గుర్తుంది.

అక్క లేచింది. చీర కుచ్చిళ్ళు సవరించుకుంది. లోపలికి నడిచింది. ఆమె వెనకే నేనూ వెళ్ళాను. దేవుడి గది గడప దగ్గర, ఏడాదిగా ఆగుతున్న చోటే ఆగాను.

అత్తమ్మ పీటమీద కూర్చుని పూలు గుచ్చుతోంది. బావ పెద్ద మూకుడు తుడుస్తున్నాడు. హన్మవ్వ ముగ్గు డబ్బాతో గుమ్మంలో ఉంది.

"అత్తమ్మా," అంది అక్క. "పోయినేడు దీపం ఆరింది గంగ చేతుల గాదు. నేను జాడీలకెల్లి రెండు సేర్లు దీసి మా అవ్వకు పంపిన. నీళ్ళు వోసి నింపిన."

అత్తమ్మ చేతిలో సూది ఆగింది. ఒక పువ్వు గుచ్చడం సగంలో ఉంది. దాన్ని కిందికి లాగి, ముడివేసి, దండ పక్కన పెట్టింది.

"ఎన్ని దినాలాయె నీకెరుకై, గంగామణీ?"

"పదిహేను దినాలు దాటింది."

"ఎందుకు జెప్పలే?"

"జెప్తే నమ్మెటోళ్ళా మీరు?"

బావ మూకుడు కిందపెట్టాడు. అక్క వంక చూడలేదు. నా వంకా చూడలేదు. తుడిచిన బట్ట మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. హన్మవ్వ ముగ్గు డబ్బాతో చప్పుడు చేయకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

"జెప్పిన గదా," అంది అక్క నా దిక్కు తిరిగి. "అందరి ముందట జెప్పిన. ఇప్పుడన్న ఇయ్యి గంగా. పంతులు వస్తడు."

"ఏం ఇయ్యాలె?" అన్నాడు బావ.

"ఆఖరి వెయ్యి వత్తులు నా కాడ లేవు బావా," అన్నాను. "మీ తమ్ముని పేర పొద్దుగాల్నే కాలువ కాడ ముట్టించిన. అన్నీ కాలినయి."

అక్క నోటినుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపు కాదు, కేక కాదు. గడప పక్కనే కూలబడింది. బావ మాత్రం తల ఎత్తి, మొదటిసారి నా ముఖంలోకి నేరుగా చూశాడు. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేముందో, ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

నేను గడప దాటి లోపలికి వచ్చాను. ఏడాది తర్వాత దేవుడి గదిలో నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా, నెమ్మదిగా వినిపించింది.

"పంతులుకు రావద్దని జెప్పి పంపుండ్రి బావా. ఈ ఏడు నోము లేదు. మాపటి సంది ఈ అర్రల దీపం నేను వెడ్త. ఈ ఒక్క దినమే గాదు. బతికున్నన్ని దినాలు నేనే వెడ్త, అక్క కండ్ల ముందట."